కొత్తవాడ నేల వేడెక్కుట గురించి

పలాస,
01-02-2026, ఆదివారం.

శ్రీయుత ప్రత్యేకాధికారి వారి సముఖమునకు,
హరితవాడల నిర్మాణ సంస్థ,
టెక్కలి.

పలాసలో నివసించు రోణంకి గోవిందు, వయస్సు అరవై మూడు, వ్రాసుకొన్న అయిదవ అర్జీ.

విషయం: పలాస శివారున తమ సంస్థ నిర్మించిన సుస్థిర మిశ్రమ వినియోగ నివాస వాడ (వాడుకలో కొత్తవాడ) కింద నేల లోలోపల కాలుచుండుట – గ-బ్లాకులోని ముప్పై రెండు కుటుంబాలను తక్షణం ఖాళీ చేయించుట – గురించి.

సూచిక: నేనిచ్చిన నాలుగు అర్జీలు, వాటిని ముగించుచూ తమ కార్యాలయం ఇచ్చిన నాలుగు మెమోలు.

అయ్యా,

నేను అర్జీలు రాసి బతికేవాణ్ణి. పలాస కచేరీ ఎదురుగా జిరాక్సు కొట్టు అరుగు మీద బల్ల వేసుకుని పద్దెనిమిదేళ్ళుగా ఊరందరి కష్టాలూ నా చేత్తో రాస్తున్నాను. "మిక్కిలి దీనావస్థలో ఉన్నాను" అని పరాయివాళ్ళ తరఫున ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. ఏనాడూ ఒక్క కాగితం చింపలేదు. ఇవాళ మూడు చింపాను. అక్షరాలు కుదురుగా లేకపోతే మన్నించి ఈ దిగువ సంగతులు చదవ ప్రార్థన.

1. మొదట ఒక మాట. కొత్తవాడ మంచిదే. ఇది రాయకపోతే తమ ఇంజనీరు సూర్యప్రకాష్ గారు నన్ను మళ్ళీ "అభివృద్ధి నిరోధకుడు" అని మెమోలో రాస్తారు. కింద కొట్టు, పైన ఇల్లు. బడికీ, బజారుకీ, ఆస్పత్రికీ పది నిమిషాల నడక. బండ్లన్నీ వాడ బయటే ఆగిపోతాయి. పడిన వాన పడినచోటే ఇంకుతుంది. తిని పారేసిన తొక్క ఎరువై పెరట్లోకి వస్తుంది. ఇలాంటి వాడ మా పలాసకి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. బొమ్మ గీసిన ప్రమోదిని మేడమ్ గారు ఎండలో చాప మీద మాతో నాలుగు పూటలు కూర్చుని, గుడ్డ మీద గీసిన పటం పరిచి, "కొట్లు ఎక్కడుండాలి, ముసలివాళ్ళు కూర్చునే బల్లలు ఎక్కడుండాలి, మీరే పెట్టండి" అని దోసెడు జీడిపిక్కలు మా చేతికిచ్చారు. ఏ పిక్క ఎక్కడ పెట్టామో అక్కడే కట్టించారు. అంత మాట నిలుపుకున్న మనిషిని నేను చూడలేదు. నా తగువు పైన కట్టినదానితో కాదు. కిందదానితో.

2. కింద ఏముందో నాకు తెలుసు. నేనే పోయించాను.

అర్జీలు రాయకముందు ఇరవై రెండేళ్ళు నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో యార్డు గుమాస్తాను. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, యజమానీ లేరు. పిక్క కొట్టి పప్పు తీశాక మిగిలే తొక్కలను ఎక్కడికి తోలాలో చెప్పడం నా పని. ఇప్పుడు కొత్తవాడ ఉన్నచోట అప్పట్లో రోడ్డు పనికి ఎర్రమట్టి తవ్వుకుపోయిన గొయ్యి ఉండేది. మనిషి భుజాల మీద మనిషి ఎక్కితే నలుగురు మునిగేంత లోతు. పదకొండేళ్ళపాటు ట్రాక్టర్ల మీద తొక్కలు తోలించి అందులో పోయించాను. నిలువెత్తు తొక్కలు, పైన జానెడు మట్టి, మళ్ళీ తొక్కలు. నిండాక రెండడుగుల ఎర్రమట్టి పరిపించి రోలరు తిప్పించాను. పైన గడ్డి మొలిచింది. మేకలు మేశాయి. జీడితొక్కలో నూనె ఉంటుందనీ, అది ఒంటికి తగిలితే తోలు ఊడుతుందనీ, దానికి నిప్పంటుకుంటే ఓ పట్టాన ఆరదనీ పలాసలో అందరికీ తెలుసు. తమరు బదిలీ మీద వచ్చినవారు కనుక రాస్తున్నాను.

3. తెలిసీ నోరెందుకు మూసుకున్నారని తమరు అడగవచ్చు. ఇది తమబోటి వారికి అర్థం కావడం కష్టం, కాని చెప్పక తప్పదు. బారువ ఒడ్డున పడవలకి జీడినూనె పూస్తారు. పురుగు ముట్టదు, చెక్క కుళ్ళదు. అది చూసి మావైపు ఇల్లు కట్టేవాళ్ళు పునాదిలో నాలుగు తట్టల జీడితొక్కలు వేయించడం ఆనవాయితీ అయింది. చెద రాదని. మా ఇంటి కింద ఉన్నాయి, మా వియ్యంకుడి ఇంటి కింద ఉన్నాయి. నాలుగు తట్టలు మంచివైతే గొయ్యెడు తొక్కలు ఇంకా మంచివనుకున్నాం. మాకు అది లోపంగా తోచలేదు. దేవుడిచ్చిన పునాది అనుకున్నాం. ఇంతకన్నా తెలివితక్కువతనం ఇంకొకటి ఉండదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

4. అప్పుడు ఈ వాడకి రెండు స్థలాలు పోటీలో ఉన్నాయి. ఒకటి మాది. రెండోది కోటబొమ్మాళి దగ్గర, హైవే పక్కన. పటం మీద పిక్కలు పెట్టిన రోజున ప్రమోదిని మేడమ్ గారు అడిగారు: "ఇక్కడ పూర్వం ఏముండేదండీ?"

అందరం పటం మీది పిక్కలు సర్దాం. వెనకనుంచి ఎవరో "జీడితోటేనమ్మా" అన్నారు. ఆవిడ సంతోషించి రాసుకున్నారు. అదే సాయంత్రం మా వీధివాళ్ళు నా అరుగు దగ్గర పోగయ్యారు. వరసకు బావ అయ్యేవాడొకడు నా చేతికి కాగితం అందించాడు.

"గోవిందు బావా, నేల గట్టిదని పెద్దలందరి తరఫునా ఒక కాగితం రాసీ. తొక్కలున్నాయని రాత్తే కోటబొమ్మాళి ఓళ్ళు ఎగరేసుకుపోతారు."

"ఉన్నది రాయకపోతే ఎలాగరా?" అన్నాను.

"ఉంటే ఏటి బావా? సెద పట్టదు గదా! దానికి ఇంత గోలెందుకు?"

నేను రాశాను. "సదరు స్థలం అనాదిగా మెరక, గట్టి నేల, చెద పట్టనిది" అని రాశాను. నలభై ఒక్క మంది సంతకాలు, వేలిముద్రలు. మొదటి సంతకం నాది. "అనాదిగా" అన్న మాట కూడా నాదే. నా చేతిరాత ముత్యాల్లా ఉందని తమ కార్యాలయంలో మెచ్చుకున్నారట.

5. కిందటి వేసవిలో వాన ఇంకడానికి పన్నెండు గుంతలు తవ్వారు. ఏడింటి అడుగున తొక్కలు బయటపడ్డాయి. తవ్విన కూలీల కాళ్ళు పొక్కులెక్కాయి. పలాసలో జీడిపొక్కులు లేని కూలీ ఎవరు? ఎవరూ పట్టించుకోలేదు. పైగా మేస్త్రీ ఇంజనీరు గారితో "మంచిదే బాబూ, సెద రాదు" అన్నాడు. ఆయన తల ఊపారు. అన్నేళ్ళు గాలి, నీరు తగలకుండా బిగుసుకుని ఉన్న తొక్కల్లోకి అలా ఏడు దారులు తీశారు. అక్టోబరు, నవంబరు వానలు వాటిలోంచి నేరుగా దిగాయి. తర్వాత గాలి దిగింది. ముక్కిన తొక్కల పోగు తడిసి గాలి పోసుకుంటే లోపల్నించి ఉడుకెక్కుతుంది. ఇది నా చదువు కాదు, నా యార్డు.

6. దసరాకి కుటుంబాలు దిగాయి. తరువాత కనపడినవి వరుసగా మనవి చేస్తున్నాను.

(అ) మూడో గుంత నుంచి బడి దాకా బాట వెంట నాటిన కానుగ మొక్కలు ఒక్క వారంలో వరుసపెట్టి మాడిపోయాయి. పైన ఆకు పచ్చగానే ఉంది. పీకి చూస్తే వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

(ఆ) తెల్లవారుతూనే జీడిపప్పు వేపిన వాసన. ఆదివారాలు కూడా. ఊళ్ళో ఒక్క ఫ్యాక్టరీ పొయ్యి వెలగని రోజు ఆ వాసన ఎక్కడిది అని నేనడిగితే నవ్వారు. అయ్యా, వేరే ఊళ్ళో అయితే ఈపాటికి జనం వీధిలో పడేవారు. మా ఊళ్ళో కాలుతున్న వాసన వస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆకలేస్తుంది.

(ఇ) కాశీబుగ్గ నుంచి కూడా కుక్కలు వచ్చి బాట మీద బారుగా పడుకుంటున్నాయి. చలికి. వారం నుంచి రావడం లేదు. చలి తగ్గలేదు.

(ఈ) బుధవారం నుంచి బోరు కుళాయిలో నీళ్ళు గోరువెచ్చగా వస్తున్నాయి. చలికాలం కదా, స్నానాలకి బాగుందని వాడవాళ్ళు సంతోషిస్తున్నారు.

(ఉ) మూడో గుంత పక్కన ముసలివాళ్ళు కూర్చునే సిమెంటు బల్ల నాలుగు వేళ్ళు ఒకవైపు దిగింది. దాని కింద ఏమి మిగిలి ఉందో, ఏమీ మిగల్లేదో నాకు తెలియదు.

7. అన్నిటికంటే ముఖ్యమైనది మంచు. మా ఉద్దానంలో మాఘమాసం పొద్దున్నే నేల తడిసి ముద్దవుతుంది. కొత్తవాడలో ఒక పట్టీ మాత్రం పొడిగా ఉంటుంది. డిసెంబరు మొదటి వారంలో అది మూడో గుంత చుట్టూ చాపంత ఉండేది. నేను రోజూ వెళ్ళి, పొడి ఎంతవరకు ఉందో అక్కడ సున్నంతో గీత గీస్తున్నాను. వారానికి నాలుగడుగులు, ఒక్కోసారి ఆరు. సంక్రాంతి వెళ్ళిన వారం పది. ఇవాళ పొద్దున్నకి గ-బ్లాకు మెట్ల కిందికి వచ్చింది. ఇవతలి గీత బడి ప్రహరీకి తగులుతోంది. గీతలన్నీ ఇంకా ఉన్నాయి. తమరు వచ్చి ఒక్కసారి నడిచి చూడండి, నేను చెప్పక్కర్లేదు.

8. సూర్యప్రకాష్ గారి జవాబులు నాకు కంఠస్థం. వేడి గురించి అడిగితే "మాస్టారూ, వాడలో ఎరువు గుంత ఉంది కదండీ, అది సేంద్రియ వేడి" అన్నారు. ఎరువు గుంత వాడకి తూర్పు చివర ఉంది, వేడి పడమర ఉంది. మొక్కల గురించి అడిగితే నీళ్ళు పొయ్యలేదన్నారు. బల్ల గురించి అడిగితే కొత్త మట్టి సర్దుకుంటుందన్నారు. "అనాదిగా గట్టి నేల కదండీ, ఇప్పుడెందుకు సర్దుకుంటుంది?" అన్నాను. ఫోన్ వచ్చిందని వెళ్ళిపోయారు. వాసన గురించి అడిగితే "పలాసలో జీడివాసన రాని రోజున అర్జీ పెట్టండి మాస్టారూ" అని అందరి ముందూ నవ్వించారు. ఆయన చెడ్డవారు కారు. ఆయన కాగితంలో ఉన్న వాడ చల్లగా ఉంది. నేను ఇనుప ఊచ ఒకటి బాట సందులో మూడడుగులు దించి, కాసేపుంచి తీశాను. చేత్తో పట్టుకోలేకపోయాను. బాట పాడు చేసినందుకు నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది.

9. వేడెక్కిన పోగు ఎలాంటిదో తమరికి తెలియాలి. తొంభైఎనిమిదిలో మా యార్డులో ఒక తొక్కల పోగు ఇలాగే వాసన వేసింది. పైకి పొగ లేదు. నేను గుమాస్తాని, తొందర. పైడితల్లి అని తట్టలు మోసే మనిషి ఉండేది. "ఓలమ్మా, అది ఉడుకుతన్నాది బాబూ, ఒగ్గేద్దారి" అంది, వదిలేద్దామని. నేనే కసిరాను. "పార తీసుకుని విప్పు, ఆరిపోతుంది" అన్నాను. రెండు పారలు తీసింది. మూడోదానికి ఆ పోగు ఊపిరి పీల్చినట్టు చప్పుడు చేసింది. మంట మనిషి ఎత్తున లేచింది. కాళ్ళ కింద డొల్ల కదా, పైడితల్లి నడుం దాకా దిగిపోయింది. మేం లాగాం. తొమ్మిది రోజులు బతికింది. "నాను సెప్పినాను గదా బాబూ" అని ఆ తొమ్మిది రోజులూ అంటూనే ఉంది.

ఆ తర్వాత యార్డులో ఒక పద్ధతి పెట్టాం. వేడెక్కిన పోగును మనుషులు దగ్గరుండగా విప్పకూడదు. ముందు మనుషులను దూరం పంపాలి. గాలి వెళ్ళే దారులు మట్టితో మూయాలి. నీళ్ళ బండి పెట్టుకుని, చల్లగా ఉన్న అంచు నుంచి కొంచెం కొంచెంగా రావాలి. నడిమధ్య పార పెట్టడమంటే పొయ్యి మూత తియ్యడమే.

10. ఇక నా సొంత సంగతి. అర్జీలో సొంత సంగతి ఆఖర్న రాయాలని నేనే నలుగురికి చెబుతాను. నా కూతురు ప్రసూన గ-బ్లాకులో ఉంటోంది. కింద జాకెట్లు కుట్టే కొట్టు, పైన ఇల్లు. అల్లుడు విశాఖలో పని, వారానికొకసారి వస్తాడు. ప్రసూనకి నాలుగు నెలల ఆడపిల్ల, మావైపు మాటలో గుంట. పొడిపట్టీ ఇవాళ ఆగిన మెట్లు దాని మెట్లే.

పద్నాలుగో తేదీ పొద్దున్న నేను గీత గీస్తుంటే బయటికి వచ్చింది.

"ఏటి నాన్నా ఇది? రోజూ సున్నం డబ్బా పట్టుకుని నా గుమ్మం ముందు గీతలు గీత్తన్నావు. జనం నవ్వుతన్నారు."

"అమ్మా, నా మాట విని గుంటనెత్తుకుని మనింటికి వచ్చేయ్. ఇక్కడ కింద బాగోలేదు."

"ఎందుకు రావాల? పుట్టి బుద్దెరిగినాక నా పేరున ఒక గుమ్మముందా నాన్నా? ఇప్పుడిచ్చినారు. కింద మిసను తొక్కుతన్నాను, గుంట ఏడిత్తే పది మెట్లెక్కి పాలిత్తన్నాను. ఎవల్నీ దేహీ అనక్కర్లేదు. దాన్ని తవ్వించేత్తానంటావు."

"కింద తొక్కలున్నాయే. నేనే పోయించాను."

"మరి గట్టి నేలని రాసినోడివీ నువ్వేగదా! అప్పుడబద్దమా, ఇప్పుడబద్దమా? నువ్వు రాసిన అబద్దం నువ్వే మింగు నాన్నా. నా కొంప జోలికి రాకు."

తలుపేసుకుంది. పద్దెనిమిది రోజులైంది, నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నేను వీధిలో నిలబడి పైన పిల్ల ఏడుపు విని వస్తున్నాను. ఏడిస్తే బతికే ఉంది కదా అనుకుని వస్తున్నాను. అయ్యా, ఇది అర్జీలో రాయవలసిన మాట కాదని నాకు తెలుసు.

11. తమ నాలుగో మెమో శుక్రవారం అందింది. అందులో ఇలా ఉంది: "సదరు స్థలం అనాదిగా మెరక, గట్టి నేల అని స్థానిక పెద్దల ధ్రువీకరణ దాఖలై ఉన్నందున, అర్జీదారు భయం నిరాధారమని తేల్చి అర్జీ ముగించడమైనది."

ఆ స్థానిక పెద్దను నేనే అయ్యా. నా కాగితంతో నా నోరు మూయించారు. పద్దెనిమిదేళ్ళ వృత్తిలో ఇంత బలంగా పనిచేసిన కాగితం నేను ఇంకొకటి రాయలేదు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

ఒకటి: గ-బ్లాకు ముప్పై రెండు కుటుంబాలనూ, పక్కనున్న బడి పిల్లలనూ వెంటనే వాడ దాటించి, వేరేచోట బస ఏర్పాటు చేయవలెను.

రెండు: అలా దాటించిన తరువాత మాత్రమే, నేను చెప్పిన పద్ధతిలో, అగ్నిమాపక బండిని దగ్గర పెట్టుకుని, నేల తవ్వించి చూడవలెను.

మూడు: పన్నెండు ఇంకుడు గుంతలనూ ఈరోజే మట్టితో మూయించవలెను.

నాలుగు: అబద్ధపు ధ్రువీకరణ రాసినందుకు నా మీద కేసు పెట్టవలెను. అది అబద్ధమని తేలాలంటే తమరు కింద చూడక తప్పదు. అందుకోసమైనా పెట్టండి.

పై సంగతులు తమరు చిత్తగించవలెను. చిత్తగించి ఊరుకొనక, వెంటనే బయలుదేరవలెను.

ఇట్లు,
తప్పు చేసిననూ తమ విధేయుడు,
రోణంకి గోవిందు.

వెనుక పుట:

సోమవారం, మధ్యాహ్నం. టెక్కలిలో తమ కార్యాలయం వరండా నుంచి.

అయ్యా,

పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి ఈ అర్జీ ఇచ్చాను. తమరు మీటింగుకి శ్రీకాకుళం వెళ్ళారన్నారు. ఇది నా దగ్గరున్న నకలు. దీని వెనక రాస్తున్నాను. కాగితం మీద గీతలు లేవు, రాత వంకర పోతోంది, ఏమనుకోకండి.

సెక్షనులో వనజ గారు నా అర్జీని కంప్యూటరులో ఎక్కించారు. ఒక గడిలో ఒక కోరికే పడుతుందట. నా నాలుగు కోరికలూ నాలుగు అర్జీలుగా విడగొట్టారు. అరగంటలో సూర్యప్రకాష్ గారు వచ్చి ఒక్కొక్కదాని మీద ఉత్తర్వు వేశారు. నాకు చదివి వినిపించారు.

ఒకటో కోరిక, మనుషుల్ని దాటించడం: సంబంధిత శాఖ పరిశీలనకు పంపడమైనది.

మూడో కోరిక, గుంతలు మూయడం: వాననీటి నియమాలకు విరుద్ధం, తిరస్కరించడమైనది.

నాలుగో కోరిక, నా మీద కేసు: ఈ కార్యాలయం పరిధి కాదు.

రెండో కోరిక, తవ్వించడం: మంజూరు. రేపు మంగళవారం ఉదయం పది గంటలకు, జేసీబీతో. స్థలం గ-బ్లాకు మెట్ల ఎదుట, వేడి అక్కడికి చేరిందని అర్జీదారు స్వయంగా తెలిపినందున.

నేను లేచి నిలబడ్డాను. "బాబూ, ఒకటి లేకుండా రెండు వద్దండి! 'తరువాత మాత్రమే' అని రాశాను, చూడండి!" అని అరిచాను. సూర్యప్రకాష్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "మాస్టారూ, మీరు అడిగిందే కదా చేస్తున్నాం. జనంలో అనుమానం పోవాలి. అందరి ముందూ తవ్వుతాం. షామియానా వేయిస్తున్నాం, కుర్చీలు వేయిస్తున్నాం" అన్నారు. ఆయన నన్ను సంతోషపెట్టాలనే అనుకుంటున్నారు. అదే నాకు భయం.

వనజ గారు కాగితం నా ముందు పెట్టి వేలు చూపించారు. అక్కడ సంతకం పెట్టాను. పద్దెనిమిదేళ్ళుగా ఇలాంటి కాగితాల మీద అడుగున జనంచేత సంతకాలు పెట్టించిన అలవాటు, వేలు చూపించినచోట నా చెయ్యి దానంతటదే వెళ్ళింది. తరువాత చదివాను. "అర్జీదారు సంతృప్తి చెందెను" అని ఉంది. వెనక్కి ఇమ్మన్నాను. "ముగిసిపోయింది బాబూ. ఇక ఏటున్నా పై సోమవారం కొత్త అర్జీ పెట్టుకోవాల. ఇంత బేగి మంజూరైన అర్జీని నాను సూడనేదు. సంతోసించండి" అంది ఆ తల్లి.

అగ్నిమాపక బండి గురించి అడిగాను. ఆ మాట ఏ గడిలోనూ పడలేదట.

ఇది రాస్తుండగానే ప్రసూన ఫోన్ చేసింది. పందొమ్మిది రోజుల తర్వాత.

"నాన్నా! ఇక్కడ ఆటో మైకులో సెప్తన్నారు, రేపు నీ అర్జీ మీద తవ్వుతన్నారట! నీ పేరు సెప్తన్నారు నాన్నా, రోణంకి గోవిందు గారి అర్జీ మేరకు అని!"

"ప్రసూనా, నా మాట విను. గుంటనెత్తుకుని ఇప్పుడే బయటికి..."

"నిన్ను అనరాని మాటలన్నాను నాన్నా. మనసులో ఎట్టుకోకు. గవర్మెంటోళ్ళే కదిలినారంటే నువ్వు సెప్పినదాంట్లో ఏదో ఉన్నట్టేగదా. నాను నమ్మినాను. రేపు ముందు వరసలో కుర్సీ ఏసుకుని గుంటనెత్తుకుని కూకుంటాను. నవ్వినోళ్ళందరూ సూడాల, మా నాన్న అబద్దమాడలేదని."

"అక్కడ కూర్చోవద్దే! విప్పితే మంట లేస్తుందే! పైడితల్లి..." అని అరుస్తున్నాను. అవతల మైకు. దానికి నా మాట వినపడలేదు. "బేగి వచ్చీ నాన్నా, అన్నం ఒండి ఉంచుతాను" అంది. పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తడం లేదు. మైకు వెనకాల వీధిలోకి వెళ్ళి ఉంటుంది.

నేను బస్సెక్కుతున్నాను. కాళ్ళ మీద పడైనా దాన్ని బయటికి తెస్తాను. అది వచ్చినా మిగతా ముప్పై ఒక్క ఇళ్ళు రావు. ఇవాళ పొద్దుటిదాకా నన్ను నమ్మనివాళ్ళు రేపు చూడ్డానికి వస్తారు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని. బడికి పది గంటలకి సెలవిచ్చారట, పిల్లలు కూడా చూడాలని.

అయ్యా, తమరి ఫోన్ నంబరు వనజ గారు ఇవ్వలేదు. ఈ కాగితం తమరి బల్ల మీద అన్నిటికంటే పైన పెట్టమని బంట్రోతు చేతిలో పెడుతున్నాను. తమరు శ్రీకాకుళం నుంచి ఎప్పుడు వస్తారో ఇక్కడ ఎవరికీ తెలియదు. నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. అనాదిగా గట్టి నేలే అనుకోండి. నాకు పిచ్చి అనుకోండి. ఇంకొక రోజు ఆగితే ఒకటో కోరిక గురించి మాట్లాడుకోవచ్చు.

జేసీబీని ఆపండి.

గోవిందు,
ప్రసూన తండ్రి.